ఏ కోర్టు మెట్లెక్కాలి?

నేను గుంటూరు జిల్లా కోర్టుల్లో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యానని తెలిసినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "స్టేషన్లో రిపోర్టు ఇవ్వమంటారా, కోర్టులో దావా వెయ్యమంటారా?" అడిగేవాళ్లలో చాలామందికి ఈ రెండూ ఒకే ఊరికి వెళ్లే రెండు బస్సుల్లా కనిపిస్తాయి, ఏది ముందొస్తే అది ఎక్కేద్దామనుకుంటారు. అవి వెళ్లే ఊళ్లే వేరు. సివిల్ కోర్టు మీకు రావలసినదేదో తేల్చి దాన్ని మీకు ఇప్పిస్తుంది, క్రిమినల్ కోర్టు నేరం రుజువైతే చేసినవాడికి శిక్ష వేస్తుంది. అవతలివాడు జైలుకు వెళ్లినంత మాత్రాన మీ పొలం మీ చేతికి రాదు, పొలం చేతికి వచ్చినంత మాత్రాన అవతలివాడు జైలుకు వెళ్లడు. తమకు కావలసినదేమిటో ముందు తేల్చుకోకుండా ఏదో ఒక గుమ్మం తొక్కడం వల్ల మన ప్రాంతంలో ఎన్నో ప్రోనోట్లకు కాలదోషం పట్టింది, ఎన్నో అగ్రిమెంట్లు చిత్తు కాగితాలయ్యాయి.

రెండు వ్యవస్థలు అనగానే రెండు భవనాలు, ఇద్దరు జడ్జీలు ఉంటారనుకోవడం సహజం. పెద్ద ఊళ్లలో కొంతవరకు అలాగే ఉంటుంది గానీ, మంగళగిరి లాంటి చోట్ల జూనియర్ సివిల్ జడ్జీ, మొదటి తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేటూ ఒకే కుర్చీలో కూర్చునే ఒకే మనిషి కావడం మామూలు. పూర్వం ఆ హోదాను మున్సిఫ్ మేజిస్ట్రేట్ అనేవారు. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని మున్సిఫ్ కోర్టనే అంటారు, సీనియర్ సివిల్ జడ్జి కోర్టును సబ్ కోర్టంటారు. ఆ పైన జిల్లా జడ్జి ఉంటారు. ఆయన సివిల్ దావా వింటున్నప్పుడు జిల్లా జడ్జి, హత్య కేసు వింటున్నప్పుడు సెషన్స్ జడ్జి. మనిషి మారడు గానీ, ఆ గంటలో ఆయన చేతిలో ఉన్న చట్టం మారుతుంది, ఆయన అడిగే ప్రశ్న మారుతుంది, ఇవ్వగలిగిన ఉత్తర్వు కూడా మారుతుంది.

ఉదయం కోర్టు మొదలై కాల్‌వర్క్, అంటే ఆ రోజు కేసుల్ని వరసగా పిలవడం, నడుస్తున్నప్పుడు బెంచి క్లర్కు బల్ల మీద ఉన్న కట్టల్ని చూస్తే ఈ తేడా కంటికే కనబడుతుంది. కట్ట అట్ట మీద ఓఎస్ అని ఉంటే అది అసలు దావా. ఐఏ అంటే ఆ దావాలో మధ్యంతరంగా వేసిన పిటిషను. ఏఎస్ అంటే అప్పీలు. ఈపీ అంటే డిక్రీ (సివిల్ తీర్పు మీద కోర్టు ఇచ్చే ఉత్తర్వు) అమలు కోసం వేసిన పిటిషను. సీసీ అని ఉంటే మేజిస్ట్రేట్ స్వయంగా విచారించే క్రిమినల్ కేసు, పీఆర్‌సీ అంటే సెషన్స్ కోర్టుకు పంపవలసిన కేసు, ఎస్‌సీ అంటే అలా వెళ్లి సెషన్స్ కోర్టులో నంబరైన కేసు, ఎంసీ అంటే మనోవర్తి. ఓఎస్ పిలిచినప్పుడు వాది రాకపోయినా వకీలు లేచి నిలబడితే సరిపోతుంది. సీసీ పిలిచినప్పుడు మాత్రం ముద్దాయి స్వయంగా కనబడాలి, లేదా ఆ రోజుకు మినహాయింపు కోరుతూ పిటిషను వేసి ఉండాలి. రెండూ లేకపోతే వారంటు వెళుతుంది. తమ కేసు మీద ఏ అక్షరాలున్నాయో తెలియకుండా ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగేవాళ్లు తక్కువేమీ కాదు.

మన గుంటూరు, విజయవాడల కోర్టుల అమరికలో ఒక చిన్న తేడా ఉంది. గుంటూరులో ప్రధాన జిల్లా, సెషన్స్ కోర్టు ఊళ్లోనే ఉంది. విజయవాడ ఎంత పెద్ద నగరమైనా కృష్ణా జిల్లా కోర్టు కేంద్రం చిరకాలంగా మచిలీపట్నం. విజయవాడలో ఉన్నవి అదనపు జిల్లా కోర్టులు, వాటితోపాటు కుటుంబ కోర్టు, వాణిజ్య వివాదాల కోర్టు, ఏసీబీ కేసుల ప్రత్యేక కోర్టు వంటివి. ఇవన్నీ చాలాకాలం ఇరుకు భవనాల్లో నడిచాయి. 2022 ఆగస్టులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ కొత్త భవన సముదాయాన్ని ప్రారంభించాక పరిస్థితి మెరుగుపడింది. విజయవాడ మెట్రోపాలిటన్ ప్రాంతం కాబట్టి అక్కడి మేజిస్ట్రేట్లను మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్లనేవారు, గుంటూరులో ఆ పేరు లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఆ తరగతే లేదు గనుక ఇక ఆ తేడాకు చట్టంలో చోటు లేదు. హైకోర్టు విషయానికొస్తే, ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు 1954 జూలైలో మొదలైంది మా గుంటూరులోనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే అది హైదరాబాదుకు తరలిపోయింది. మళ్లీ 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వేరుగా హైకోర్టు వచ్చి, ఇప్పుడు అమరావతిలోని నేలపాడులో నడుస్తోంది. హైకోర్టు ఉన్న ఊరివాళ్లమని మా పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకోవడం నాకు బాగా గుర్తు, ఆ గొప్ప రెండేళ్ల పైచిలుకే అయినా.

క్రిమినల్ కేసులో మొట్టమొదట అర్థం చేసుకోవలసింది, ఆ కేసు మీది కాదన్న సంగతి. మీ ఇంట్లో దొంగతనం జరిగింది, రిపోర్టు రాసిచ్చింది మీరే. అయినా రికార్డులో ఒకవైపు ఉండేది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, రెండోవైపు ముద్దాయి. మీరు పీడబ్ల్యూ 1, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి మాత్రమే. కేసు నడిపేది మేజిస్ట్రేట్ కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్. మీరు వకీలును పెట్టుకుంటే ఆయన సాధారణంగా ప్రాసిక్యూటర్‌కు సాయం చేయడం వరకే. నేరం జరిగింది మీ ఒక్కరికే కాదు, సమాజానికి కూడానన్నది దీని వెనకున్న ఆలోచన. అందుకే మీకు కోపం చల్లారినా కేసు చల్లారదు. చట్టం రాజీకి ఒప్పుకునే నేరాలు కొన్నే ఉన్నాయి, వాటిలోనూ కొన్నింటికి కోర్టు అనుమతి కావాలి. సివిల్ దావాలో వాది తన దావాను తానే ఉపసంహరించుకోవచ్చు, ప్రతివాదితో ఏ చెట్టు కిందనైనా కూర్చుని రాజీ పడి ఆ రాజీపత్రాన్ని కోర్టులో దాఖలు చేసి డిక్రీ పుచ్చుకోవచ్చు.

క్రిమినల్ కోర్టుల మెట్లను శిక్ష కొలమానంగా కట్టారు. మొదటి తరగతి మేజిస్ట్రేట్ మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా వేయగలరు, కొత్త చట్టం ప్రకారం సమాజ సేవ చేయమని కూడా ఆదేశించగలరు. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ ఏడేళ్ల వరకు వేయగలరు. సెషన్స్ జడ్జి చట్టంలో ఉన్న ఏ శిక్షనైనా వేయగలరు గానీ, మరణశిక్ష వేస్తే దాన్ని హైకోర్టు ధ్రువీకరించాలి. ఇంత ఉన్నా, హత్య కేసు కూడా మొదట చేరేది మేజిస్ట్రేట్ దగ్గరికే. అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా ఆయన ముందే హాజరుపరచాలి. ఛార్జిషీటు ఆయన దగ్గరే దాఖలవుతుంది. నేరం తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో అది దాఖలు కాకపోతే ముద్దాయికి బెయిలు హక్కుగా వస్తుంది. ఛార్జిషీటు వచ్చాక పీఆర్‌సీ నంబరు వేసి, ముద్దాయికి కాగితాల నకళ్లన్నీ ఇచ్చి, కేసును సెషన్స్‌కు కమిట్ చేస్తారు. అక్కడ దానికి ఎస్‌సీ నంబరు పడుతుంది. ఈ నంబరు మారే దగ్గర ఎన్ని కుటుంబాలు తికమకపడేవో చెప్పలేను: పాత పీఆర్‌సీ నంబరు రాసిన చీటీ పట్టుకుని మేజిస్ట్రేట్ కోర్టు వరండాలో సాయంత్రం దాకా కూర్చునేవారు, కేసేమో ఆ సరికి పక్క భవనంలో పిలిచి వాయిదా పడిపోయి ఉండేది.

చట్టాల పేర్లు మారడం ఇంకో తికమక. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి ఇంకా చాలా ఏళ్లు రెండు పుస్తకాలూ బెంచి మీదే ఉంటాయి. హత్యకు 302 పోయి 103 వచ్చింది, మోసానికి 420 పోయి 318 వచ్చింది. ఫోర్ ట్వంటీ అని తిట్టే అలవాటు మాత్రం ఏ సంహిత వచ్చినా పోయేలా లేదు. సివిల్ వైపు అసలు విచారణ చట్టం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడే, మధ్యలో సవరణలు ఎన్ని వచ్చినా. సాక్ష్య చట్టం మాత్రం రెండు వైపులా ఒక్కటే.

సివిల్ కోర్టుల మెట్లను కట్టింది దావా విలువ కొలమానంగా. ఏ స్థాయి జడ్జి ఎంత విలువ వరకు వినవచ్చో రాష్ట్ర సివిల్ కోర్టుల చట్టం చెబుతుంది, ఆ అంకె అప్పుడప్పుడు పెరుగుతూ ఉంటుంది. దావాను విచారించగలిగిన కోర్టుల్లో అతి కింది స్థాయి కోర్టులోనే దాన్ని వేయాలన్నది కోడు 15వ సెక్షన్. స్థిరాస్తి తగాదా అయితే ఆస్తి ఎక్కడుంటే అక్కడ. బాకీ అయితే ప్రతివాది ఉండే చోట గానీ, లావాదేవీ జరిగిన చోట గానీ. దావా విలువను బట్టి కోర్టు ఫీజు వాదే కట్టాలి. ఇక్కడ రాజ్యం మీ వెనక నిలబడదు: సమను పంపడానికి ప్రాసెస్ ఫీజు దగ్గర నుంచి అన్నీ మీ చేతి నుంచే. సమను అందాక ప్రతివాది 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. ఆ తర్వాత జడ్జి రెండు కాగితాలూ చదివి ఇద్దరూ దేని మీద విభేదిస్తున్నారో ఇష్యూలుగా రాస్తారు. ఇంకా చదువుకునే రోజుల్లో ఉన్న కుర్ర వకీళ్లకు నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది, ఇష్యూలు రాసిన రోజే దావా సగం నడిచినట్లని. ఆ పైన నడిచే సాక్ష్యం, క్రాసు, వాదనలు అన్నీ ఆ నాలుగైదు వాక్యాల చుట్టూనే తిరుగుతాయి. కింది కోర్టు డిక్రీ మీద మొదటి అప్పీలులో సంగతులూ చట్టమూ రెండూ మళ్లీ చూస్తారు. రెండో అప్పీలు హైకోర్టుకు వెళ్లాలంటే గణనీయమైన చట్ట సంబంధ ప్రశ్న ఉండి తీరాలి. "నా సాక్షిని నమ్మలేదు" అన్న బాధ అక్కడ చెల్లదు.

మాటలతో చెబితే ఇదంతా ఎవరికీ పట్టదు కాబట్టి, గుంటూరు మిర్చి యార్డులో జరిగే బాపతు వ్యవహారం ఒకటి తీసుకుంటాను. ఒక రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించాడు, కాటా అయింది, అమ్మకం లెక్క రాసిన తక్‌పట్టీ చేతికొచ్చింది, డబ్బు బదులు వ్యాపారి నెల తర్వాతి తేదీ వేసి చెక్కు ఇచ్చాడు. తేదీ నాటికి బ్యాంకులో వేస్తే ఖాతాలో డబ్బు లేదని తిరిగొచ్చింది. రైతు నేరుగా స్టేషనుకు వెళ్లి మోసం కేసు పెట్టమన్నాడు. ఇక్కడే అసలు చిక్కు. మాట ఇచ్చి తప్పడం దానంతటది మోసం నేరం కాదు. సరుకు తీసుకున్న రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే అది 318 కిందికి వస్తుందని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. వ్యాపారి మూడేళ్లుగా అదే రైతుకు సక్రమంగా డబ్బు ఇస్తూ వచ్చి, ఈ ఏడు ధర పడిపోయి చేతులెత్తేస్తే ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడం కష్టం. అదే వ్యాపారి ఒకే వారంలో నలభైమంది దగ్గర సరుకు ఎత్తి, కోల్డ్ స్టోరేజీలో ఉన్నదంతా రాత్రికి రాత్రి అమ్మేసి తాళం వేసుకుపోతే కథ వేరు, అప్పుడు స్టేషనుకు వెళ్లడమే సరైన దారి.

చెక్కు ఉంది గనుక రైతుకు మూడో దారి కూడా ఉంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక వ్యాపారికి 15 రోజుల గడువు. అప్పటికీ చెల్లించకపోతే ఆ తర్వాతి నెల రోజుల్లోగా మేజిస్ట్రేట్ కోర్టులో రైతే స్వయంగా ఫిర్యాదు వేయాలి. ఇందులో పోలీసులు లేరు, ఎఫ్ఐఆర్ లేదు. 2015 సవరణ తర్వాత, రైతు తన ఖాతా ఉన్న గుంటూరు శాఖలో చెక్కు వేసి ఉంటే కేసు గుంటూరులోనే వేయవచ్చు, వ్యాపారి ఏ రాష్ట్రంవాడైనా సరే. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కూడా కోర్టుకు 2018లో వచ్చింది. పేరుకు క్రిమినల్ కేసే గానీ, మనసంతా బాకీ వసూలు మీదే ఉన్న కేసిది. చట్టం దాన్ని ఏ దశలోనైనా రాజీ చేసుకోనిస్తుంది.

ఇక అసలు బాకీకి సివిల్ దావా. చెక్కు మీద గానీ ప్రోనోటు మీద గానీ బాకీ దావాకు గడువు మూడేళ్లు. ఈ మూడేళ్ల లెక్కే నేను చూసినవాటిలో ఎక్కువమందిని ముంచింది. స్టేషనులో రిపోర్టు ఇచ్చి, పెద్దమనుషుల్లో పెట్టి, "కేసు నడుస్తోంది కదా" అని కూర్చున్నంత మాత్రాన కాలపరిమితి ఆగదు. పోలీసు ఫిర్యాదు సివిల్ దావా గడువును ఒక్క రోజు కూడా పొడిగించదు. పొడిగించేది బాకీదారు గడువు లోపల సంతకం చేసి బాకీ ఒప్పుకున్న కాగితం, లేదా కొంత సొమ్ము ఇచ్చి తన చేతిరాతతోనో సంతకంతోనో నోటు వెనక వేసిన చెల్లు. మన పల్లెల్లో వడ్డీ వ్యాపారులు మూడో ఏడు దాటకుండా నూరో రెండు వందలో చెల్లు రాయించుకోవడం వెనక ఉన్నది ఈ లెక్కే. చదువుకున్న పట్నం మనిషి నోటును బీరువాలో పెట్టి నమ్మకంతో బతుకుతాడు. దావా వేసిన రోజునే, ప్రతివాది ఆస్తులు అమ్ముకుని పోయేలా ఉన్నాడని ఆధారాలతో చూపించగలిగితే, తీర్పుకు ముందే జప్తు ఉత్తర్వు కోరవచ్చు. పరుగెత్తి స్టేషనుకు వెళ్లేవాళ్లకు సివిల్ కోర్టులో కూడా ఇంత వేగమైన పరికరం ఉందన్న సంగతి తెలియదు.

వ్యాపారి కూడా ఊరుకోడు. గుంటూరులో ఒక మాట వినబడగానే అప్పులవాళ్ల గుండె జారిపోతుంది: "ఐపీ పెట్టాడట." 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద తాను దివాలా తీశానని ప్రకటించమంటూ వేసే పిటిషను అది. అప్పులవాళ్ల పేర్లన్నీ జాబితాగా వేస్తారు, ప్రతి ఒక్కరికీ నోటీసు వస్తుంది. ఆ నోటీసు రాగానే బాకీ మాఫీ అయిపోయినట్లు నీరసపడి కోర్టుకు వెళ్లడం మానేసేవాళ్లను చూశాను. అది పూర్తిగా సివిల్ వ్యవహారం. అప్పులవాళ్లు హాజరై, ఆస్తులు దాచాడని, బంధువుల పేర రాశాడని చూపించవచ్చు. మోసంతో చేసిన అప్పు నుంచి దివాలా విడుదల ఇవ్వదని ఆ చట్టమే అంటుంది.

రుజువు దగ్గర రెండు వ్యవస్థల మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ. సివిల్ జడ్జి రెండు వైపుల కథల్లో ఏది ఎక్కువ నమ్మదగినదో చూస్తారు, కొద్దిపాటి మొగ్గు చాలు. క్రిమినల్ జడ్జికి సహేతుకమైన సందేహం మిగలకూడదు. మిగిలితే ముద్దాయిని వదలాలి. అందుకే ఒకే సంఘటనకు రెండు కోర్టుల్లో రెండు ఫలితాలు రావడం వింత కాదు. జాతీయ రహదారి మీద లారీ గుద్ది ఒక మనిషి చనిపోయాడనుకోండి. నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారకుడయ్యాడన్న క్రిమినల్ కేసు డ్రైవరు మీద మేజిస్ట్రేట్ కోర్టులో సీసీగా నడుస్తుంది. భార్యాపిల్లలు లారీ యజమాని మీద, బీమా కంపెనీ మీద పరిహారం కోసం వేసేది జిల్లా జడ్జి స్థాయిలోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో ఎంవీఓపీగా, అంటే మోటారు ప్రమాద పరిహార పిటిషనుగా, నడుస్తుంది. దాన్ని 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ఆరు నెలల్లోగా వేయాలి. క్రిమినల్ కేసులో ప్రత్యక్ష సాక్షి "డ్రైవరును గుర్తుపట్టలేను" అంటే కేసు కొట్టేస్తారు. ట్రిబ్యునల్‌కు ఆ గుర్తింపు అంత అవసరం లేదు. ఆ లారీయే గుద్దిందని, నిర్లక్ష్యం వల్లే గుద్దిందని మొగ్గు కనిపిస్తే పరిహారం ఇస్తుంది. డ్రైవరు బయటపడ్డాడు కాబట్టి డబ్బు కూడా రాదనుకుని ఎంవీఓపీ వాయిదాలకు వెళ్లడం మానేసిన కుటుంబం నాకు తెలుసు. వాళ్ల వకీలు పట్టుబట్టి పిలిపించి సాక్ష్యం చెప్పించారు గనుక సరిపోయింది.

మౌనానికి కూడా రెండు చోట్లా ఒకే విలువ లేదు. ముద్దాయి బోనెక్కి సాక్ష్యం చెప్పనవసరం లేదు. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణమే అంటుంది. సివిల్ దావాలో ప్రతివాది సాక్ష్యం చెప్పకుండా తప్పించుకుంటే, చెబితే తనకే నష్టమని కోర్టు అనుకోవచ్చు. రానేరాకపోతే అతను లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తుంది. ముద్దాయి చనిపోతే అతని మీద కేసు అక్కడితో ముగుస్తుంది. ప్రతివాది చనిపోతే వారసులను రికార్డులోకి తెచ్చి దావా కొనసాగిస్తారు, మూడో తరం దాకా వచ్చిన భాగపరిష్కార దావాలు మా రికార్డు గదిలో ఉండేవి.

2014లో రాజధాని ప్రకటన తర్వాత కృష్ణకు రెండు వైపులా భూమి ధర పెరిగినప్పుడు, ఈ రెండు వ్యవస్థల్నీ కలగలిపి వాడే పద్ధతి బాగా ముదిరిందని నా అభిప్రాయం. బయానా తీసుకుని అగ్రిమెంటు రాసినవాడు ధర పెరిగాక రిజిస్ట్రేషన్ చేయనంటాడు. దానికి సూటి మందు, మూడేళ్లలోగా ఒప్పందం అమలు కోసం సివిల్ దావా. 2018 సవరణ తర్వాత ఆ ఉపశమనం కోర్టు దయ మీద ఆధారపడినది కాదు, చట్టం చెప్పిన మినహాయింపులు లేకపోతే ఇవ్వవలసినదే. దాన్ని వదిలి చాలామంది మోసం కేసు పెట్టి, అరెస్టు భయంతో సెటిల్‌మెంటుకు తెద్దామని చూస్తారు. సివిల్ తగాదాకు క్రిమినల్ రంగు పూయవద్దని సుప్రీంకోర్టు పదేపదే హెచ్చరిస్తూనే ఉంది. అలాంటి కేసులను హైకోర్టు కొట్టేయగలదు, కొట్టేస్తోంది కూడా. అది జరిగే సరికి మూడేళ్లలో రెండున్నర గడిచిపోయి ఉంటాయి. ఇందులో పోలీసులదే తప్పనడం కూడా సరికాదు. తెలియగానే కేసు నమోదు చేయదగిన నేరం ఫిర్యాదులో కనబడితే ఎఫ్ఐఆర్ తప్పనిసరని 2013లో సుప్రీంకోర్టు లలితా కుమారి తీర్పు చెప్పింది, వాణిజ్య తగాదాల్లో ముందుగా ప్రాథమిక విచారణ చేయవచ్చని కూడా అదే తీర్పు అంది. ఫిర్యాదు రాసేవాడి కలం ఎటు తిరిగితే కేసు అటు తిరుగుతుంది.

పొలం గట్టు దగ్గర కర్రలు లేచినప్పుడు ఇంకో కోర్టు కూడా రంగంలోకి దిగుతుంది, అది జడ్జీలది కాదు. శాంతిభద్రతలకు భంగం కలిగేలా ఉంటే కార్యనిర్వాహక మేజిస్ట్రేట్ హోదాలో రెవెన్యూ అధికారి, పాత సీఆర్‌పీసీ 145వ సెక్షన్, అంటే ఇప్పటి సురక్షా సంహిత 164 కింద, ఆ భూమి ఎవరి స్వాధీనంలో ఉందో మాత్రమే తేలుస్తారు. హక్కు ఎవరిదన్నది ఆయన పని కాదు. ఆ కాగితం పట్టుకుని "కోర్టులో గెలిచాను" అని ఊరంతా చెప్పుకున్నవాళ్లు, ఆ తర్వాత సివిల్ కోర్టు హక్కు తేల్చి ఎదుటివాడికి డిక్రీ ఇచ్చినప్పుడు ఆశ్చర్యపోతారు. స్వాధీనంలో ఉన్నవాడు నేరుగా సివిల్ కోర్టుకు వెళ్లి తాత్కాలిక ఇంజంక్షన్, అంటే అవతలివాడు జోక్యం చేసుకోకూడదన్న ఉత్తర్వు, తెచ్చుకుని ఉంటే ఆ తిప్పలు సగం తగ్గేవి.

రెండు వ్యవస్థలూ ముగిసే తీరు చివరి తేడా. క్రిమినల్ తీర్పు వచ్చిన రోజున, శిక్ష పడితే ముద్దాయి అప్పీలుకు వ్యవధి కోసం శిక్ష నిలుపుదల తెచ్చుకోవాలి, లేకపోతే సాయంత్రానికల్లా ఎస్కార్టుతో జైలుకు వెళతాడు. అమలు బాధ్యత రాజ్యానిది. సివిల్ డిక్రీ వచ్చిన రోజున ఏమీ జరగదు. మళ్లీ ఈపీ వేయాలి. వాదికి అసలు కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ 1872లోనే అంది. జప్తు అయితే అమీనా, అంటే కోర్టు ఉత్తర్వు అమలు చేసే ఉద్యోగి, వెళ్లాలి, ఊళ్లో టముకు వేయించాలి, వేలం ప్రకటన అచ్చు వేయించాలి, ప్రతిదానికీ డిక్రీదారే డబ్బు కట్టాలి. బాకీదారుకు స్తోమత ఉండి కూడా చెల్లించడం లేదని చూపిస్తే సివిల్ జైలుకు పంపవచ్చు. కేవలం పేదరికం వల్ల చెల్లించలేనివాణ్ణి పంపరాదని 1980లో సుప్రీంకోర్టు తేల్చింది. బాకీ డిక్రీ కింద స్త్రీలను అరెస్టు చేయకూడదని కోడే చెబుతోంది. పంపితే అతని తిండి ఖర్చుకు బత్తా కూడా డిక్రీదారే కోర్టులో ముందుగా కట్టాలి, బత్తా ఆగితే బాకీదారు బయటికి వచ్చేస్తాడు. ఎంత పెద్ద బాకీ అయినా మూడు నెలలకు మించి ఉంచరు. బయటికి వచ్చాక అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు లేదు, అయినా బాకీ రద్దు కాదు. ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇంత దూరం రాకుండానే, దావా నడుస్తుండగా గానీ అసలు వేయకముందే గానీ, లోక్ అదాలత్‌లో తెంచుకోవచ్చు. దావా వేసి ఉంటే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. చెక్కు కేసులు, ఎంవీఓపీలు, బ్యాంకు బాకీలు అక్కడ ఎక్కువగా తెగుతాయి. రాజీకి వీల్లేని క్రిమినల్ కేసులను అక్కడ పెట్టరు. అక్కడ తెగక ఈపీ దాకా వచ్చినవారు మాత్రం గడువు గుర్తుపెట్టుకోవాలి: బాకీ డిక్రీ అమలుకు 12 ఏళ్లు, శాశ్వత ఇంజంక్షన్ డిక్రీకి గడువే లేదు.